ఒకటి, రెండు, మూడు, తాతయ్య

మా తాతయ్య నాలుగు లెక్కపెట్టందే ఏ పనీ మొదలుపెట్టడు. చెంచాలో దువ్వెనలో, చేతికి దొరికినవి రెండు నెత్తిమీదికెత్తి టకటకలాడించి, "ఒకటి, రెండు, మూడు, నాలుగు!" అంటేనే మొదటి ముద్ద నోట్లోకి వెళ్తుంది.

రోడ్డు దాటాలన్నా ఇదే తంతు. నాలుగు అనేలోగా మళ్ళీ ఎర్రదీపం పడుతుంది. సూది వెయ్యబోయిన నర్సుని కూడా ఆగమన్నాడు. "మీరలా లెక్కపెడుతుంటే నా చెయ్యి వణుకుతోంది పెద్దాయనా!" అందామె.

అమ్మమ్మ మాత్రం ఏనాడూ ఆగలేదు. పోట్లాటలో ఆయన "రెండు" అనేసరికే ఆవిడ తిట్లు సగం అయిపోతాయి. అందుకే నలభై ఏళ్ళుగా తాతయ్య ఒక్క పోట్లాటా గెలవలేదు.

జబ్బు పాతదే. వయసులో ఆయన ఒక రాక్ బ్యాండ్‌లో డ్రమ్స్ వాయించేవాడు. కారు షెడ్డులో మొదలైన నలుగురు మూడేళ్ళలో స్టేడియాలు నింపారు. ఐదో ఏట విడిపోయారు. ఎందుకు విడిపోయారో చెబుతూ వాళ్ళ గిటారిస్టు ఈ మధ్య నవల రాశాడు. పేర్లు మార్చాడు గానీ, పాట మధ్యలో కర్రలు గాల్లోకెత్తి అంకెలు అరిచే డ్రమ్మర్‌ని మా వీధి కుక్క కూడా గుర్తుపడుతుంది. "ఈ లెక్క మానతావా, నన్ను పొమ్మంటావా?" అని గిటారిస్టు నిలదీస్తాడు. డ్రమ్మర్ ఒకటి నుంచి మొదలెడతాడు. మూడు దగ్గర తలుపు ధడాలుమంటుంది. బ్యాండ్ కథ సమాప్తం.

ఏడో తరగతి రెండుసార్లు చదివిన అనుభవంతో ఆ పేజీలు నేనే పైకి చదివాను. తాతయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. అమ్మమ్మ మండిపడింది.

"బ్యాండ్‌ని కూల్చింది మీరేనని లోకమంతా అనుకుంటుంది. జవాబు రాయండి!"

"రాస్తాలే."

"ఎప్పుడు?"

"ఒకటి, రెండు..."

"మీ మొహం!"

ఆదివారం పొద్దున ఆ బ్యాండ్ గాయకుడు చంకలో నవలతో దిగాడు. రెండు చెవులకీ మిషన్లు. గుమ్మంలోంచే గొంతెత్తాడు.

"ఒరేయ్, ఇదంతా అబద్ధం! నాకు చెవుడని చెప్పెయ్యరా!"

"మెల్లగారా, అది రహస్యం."

"ఏంటీ?"

"రహస్యం!" అని తాతయ్య కూడా అరిచాడు. ఎదురింటి కిటికీలు రెండు తెరుచుకున్నాయి.

గాయకుడు అమ్మమ్మ వైపు తిరిగాడు. "స్పీకర్ల ముందు నిలబడి నిలబడి రెండో ఏటికే నా చెవులు పోయాయమ్మా. పాట ఎక్కడ ఎత్తుకోవాలో తెలిసేది కాదు. వీడు కర్రలు పైకెత్తితే, చూసి పాడేవాణ్ణి. బయటపడితే నన్నిక పాడనివ్వరని ఒట్టు వేయించుకున్నాను. బ్యాండ్ పోయినా వీడు నోరు విప్పలేదు. ఇప్పుడు ఆ గిటారువాడికి నేనే రాస్తా."

"వద్దురా. ఆ నవల్లో నవ్వొచ్చేది నా ఒక్కడి దగ్గరే. అదీ తీసేస్తే ఎవరు చదువుతారు?"

"సరే, నాకిప్పుడు మిషన్లున్నాయిగా. నీకింకా ఈ లెక్కెందుకురా?"

"నువ్వెప్పుడైనా వచ్చి పాడతానంటావేమోనని. చెయ్యి అలవాటు తప్పకూడదుగా!"

అమ్మమ్మ నడుమున చేతులు పెట్టుకుని తాతయ్య ఎదురుగా వచ్చి నిలబడింది. తాతయ్యకి రాబోయేదేమిటో తెలిసిపోయింది. బల్లమీది చెంచాలు రెండు అందుకుని పైకెత్తాడు.

"ఒకటి... రెండు..."

అమ్మమ్మ చెంచాల వంకే చూస్తోంది.

"మూడు... నాలుగు."

నలభై ఏళ్ళలో మొదటిసారి నాలుగు దాకా ఆగింది. ఆ తర్వాతే అందుకుంది: "కట్టుకున్నదాన్ని, నాక్కూడా చెప్పలేదా!"