వంగి చూసి కొన్న కత్తి

మా చిన్నత్త, అంటే మా ఆయన పిన్ని, కత్తి కొనేటప్పుడు పదును చూసేది కాదు. నడుముకి దోపుకుని, మిరపకాయలు కోస్తున్నట్టు వంగి చూసేది. కొత్తగా కాపురానికొచ్చిన నన్ను వెంటబెట్టుకుని, సత్తెనపల్లి బజార్లో కమ్మరి కొట్టు ముందు, నడిరోడ్డు మీద అలాగే మూడుసార్లు వంగింది. నాచేతా వంగించింది. సిగ్గేసినా నాకు భలే హుషారుగా ఉంది.

"కత్తి కొంటున్నావా, కసరత్తు చేస్తున్నావా అక్కా?" అన్నాడు కమ్మరి.

"పదును ఇంటికెళ్లి పెట్టుకుంటాం. కూర్చుంటే గుచ్చుకోకూడదు, వంగితే జారకూడదు. అది ఇక్కడే చూసుకోవాలి."

నా మనసేమో తళతళలాడే మడత కత్తి మీద ఉంది.

"అది తెరవడానికి రెండు చేతులు కావాలమ్మాయ్. చేలో రెండో చెయ్యి ఎప్పుడు ఖాళీగా ఉంటుంది?" అని, తోలు ఒర ఉన్న, నాలుగు వేళ్లంత కత్తి నా నడుముకి దోపింది.

ఆ ఏడే, పత్తి బస్తాలు ఎక్కించాక ట్రాక్టరు కదిలింది. వెనక కొక్కేనికి చిన్నత్త కొంగు చిక్కుకుంది. తన కత్తి పురికొస కోయడానికి అప్పుడే ఎవరికో ఇచ్చింది. ఆ మోతలో డ్రైవరుకి మా కేకలు వినపడలేదు. పరుగెత్తి, ఒక చేత్తో ఆవిడ రెక్క పట్టుకుని, రెండో చేత్తో కత్తి లాగి కొంగు కోసేశాను. ఇద్దరం మట్టిలో పడ్డాం.

ఆవిడ మోకాళ్లు చెక్కుకుపోయాయి. సగం చీర ట్రాక్టరుతో పోయింది. అవేమీ చూసుకోకుండా నా నడుముకున్న ఒర తడిమింది.

"అంత పరుగెత్తినా జారలేదు చూశావా," అంది, ముఖమంతా వెలిగిపోతూ.