కత్తిరించిన వైపు కూర్చున్నవాళ్ళు

ఈ మధ్య ఒక మధ్యాహ్నం గుంటూరు మిర్చి యార్డు పక్క నుంచి బస్సు వెళ్తుంటే లోపల ఉన్నవాళ్ళమంతా ఒకరి తర్వాత ఒకరం దగ్గడం మొదలుపెట్టాం. డ్రైవరు దగ్గాడు, కండక్టరు దగ్గాడు, చెవుల్లో పాటలు పెట్టుకున్న కాలేజీ పిల్లలు కూడా చున్నీలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. మిరపఘాటు గొంతులో దిగితే మిగతావాళ్ళు కాసేపు దగ్గి ఊరుకుంటారు. నాకు మాత్రం దగ్గుతో పాటు భయం వేస్తుంది. పదిహేడేళ్ళ వయసులో నేను చేసిన ఒక పని, దాన్ని సరిచేయడానికి సువార్తమ్మ పడ్డ పాట్లు రెండూ గుర్తొస్తాయి. ఆమె మీకు తెలిసే అవకాశం లేదు. చిలకలూరిపేట రోడ్డు నుంచి లోపలికి పోతే వచ్చే మా ఊళ్ళో ఆమె మిరపకోతల ముఠాకి మేస్త్రి. పదిమంది ఆడవాళ్ళని వెంటబెట్టుకుని చేలల్లో కాయలు కోయించేది, ఎండాక కల్లంలో కూర్చుని ఎర్రకాయల్లోంచి తెల్లబడ్డ తాలుకాయలు ఏరించేది.

మా నాన్న కల్లానికి ఏటా ఆ ముఠాయే వచ్చేది. చీరల మీద మగవాళ్ళ పొడుగుచేతుల చొక్కాలు, కళ్ళు మాత్రం కనపడేటట్టు మొహాలకి తువ్వాళ్ళు. ముందు సువార్తమ్మ కూర్చోవాలి, తర్వాత మిగతావాళ్ళు. ముఠాలో ఎవరి చోటు వాళ్ళదే. మేస్త్రి పక్కన వాళ్ళ తోడికోడలు, ఆ పక్కన చెవుడున్న మార్తమ్మ, అలా చివరిదాకా. ఎన్ని కల్లాలు మారినా ఆ వరస మారేది కాదు. చిన్నప్పుడు నేను వెళ్ళి మధ్యలో కూర్చుంటే సువార్తమ్మ కసిరేది. "అది కరుణమ్మ చోటు, లెగువు పాపా. ఆ చేత్తో కళ్ళు తుడుచుకోబాకు, ఊరంతా వినబడేట్టు ఏడుస్తావు." నేను వినకుండా తుడుచుకుని ఏడిచాను కూడా. మా అమ్మకంటే పదేళ్ళు పెద్దదైన మనిషిని నేను పేరు పెట్టే పిలిచేదాన్ని. మా ఇళ్ళల్లో పిల్లలంతా అలాగే పిలిచేవాళ్ళం, అది తప్పని ఎవరూ చెప్పలేదు. ఆమె కొడుకు ప్రభుదాసు మా కాలేజీలోనే ఇంటర్ చదివి ఒంగోలులో డిగ్రీలో చేరాడు.

మేం ఇంటర్ రెండో ఏడు చదువుతున్న రోజులవి. మా వయసు పిల్లల లోకమంతా అరచేతిలో ఉండేది. పొద్దున లేవగానే మన వీడియో ఎంతమంది చూశారో చూసుకోవాలి, చూడకపోతే మొహం మాడ్చుకోవాలి. ఊళ్ళో కుర్రాళ్ళకి రెండు వాట్సాప్ గ్రూపులుండేవి. పేరుకి రెండూ యూత్ గ్రూపులే, లోపల మాత్రం ఒకటి ఊరిది, ఒకటి సువార్తమ్మ వాళ్ళుండే పల్లెది. బండి వెనక ఏం రాయించాలి, ఫ్లెక్సీలో ఎవరి బొమ్మ ఎంత పెద్దది వెయ్యాలి అన్నవాటి మీద గొడవలు పడేవాళ్ళు. కొత్త ఫోన్లలో పాత కులం ఎంత సుఖంగా సర్దుకుందో నాకు అప్పుడు కనపడలేదు. మేం చాలా మారిపోయామని, మా పెద్దవాళ్ళే మారలేదని అనుకునేదాన్ని.

ఒక రెండో శనివారం నా క్లాస్‌మేట్ రమ్య మా కల్లానికి వచ్చింది. వాళ్ళది మా పక్క వీధి, మాకు వరసకి చుట్టాలు. అదే సమయానికి ప్రభుదాసు వాళ్ళమ్మకి అన్నం క్యారేజీ ఇవ్వడానికి వచ్చాడు. రమ్య అతన్ని జువాలజీ ప్రాక్టికల్ రికార్డు ఉందా అని అడిగింది. ఉందిగాని అందులో తను గీసిన కప్పని చూసి లెక్చరరు ఇదేం జంతువని అడిగాడని అతను చెప్పాడు. ఇద్దరూ నవ్వారు. అప్పటికే నేను ఫోన్ పట్టుకుని కల్లాన్ని వీడియో తీస్తున్నాను. నన్ను చూసి సువార్తమ్మ, "మమ్మల్ని కూడా తియ్యి పాపా, సినిమాలో పడతాం" అంది. ఆడవాళ్ళంతా నవ్వుతూ తువ్వాళ్ళు సర్దుకుని నిటారుగా కూర్చున్నారు. మార్తమ్మకి సంగతేంటో పక్కావిడ అరిచి చెప్పాల్సి వచ్చింది.

ఇంటికెళ్ళి చూసుకుంటే వీడియో బాగుంది, ఆ ఆడవాళ్ళు తప్ప. మాసిన చొక్కాలు, తువ్వాళ్ళు అందాన్ని చెడగొడుతున్నాయనిపించింది. ఆ వైపంతా కత్తిరించేశాను. ఎర్రటి కాయల మధ్య నవ్వుతున్న ఇద్దరు మిగిలారు. వెనక అప్పుడు అందరూ పెడుతున్న ఒక ప్రేమపాట పెట్టి, నా పేరు లేని అకౌంట్‌లో రీల్‌గా వదిలాను. నాకు అంతకుమించిన ఆలోచన లేదని ఇప్పుడు చెబితే నమ్ముతారో లేదో తెలియదు. సాయంత్రానికి అది ఊరి కుర్రాళ్ళ గ్రూపులో తిరుగుతోంది. కింద రాసిన మాటలు ఇక్కడ రాయలేను. మొదటిది చదివి ఆపేశాను. గబగబా రీల్ తీసేశాను, ఫోన్‌లో ఉన్న అసలు వీడియో కూడా చెరిపేశాను. అది ఉంటే నేను దొరికిపోతానని భయం. రమ్యని కాపాడగలిగింది అదొక్కటేనని తోచనే లేదు. కాసేపటికి రమ్య వాళ్ళ అన్నయ్య శ్రీకాంత్ ఫోన్ చేశాడు.

"అది నువ్వు తీశావా?"

"నేను కాదన్నయ్యా. నాకూ ఎవరో పంపారు."

ఆ అబద్ధం చెప్పడానికి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

సోమవారం రమ్య కాలేజీకి రాలేదు. మంగళవారమూ రాలేదు. ఫోన్ లాక్కున్నారని, గదిలోంచి బయటికి రానివ్వడం లేదని, పరీక్షలు రాయించకుండానే పెళ్ళి చేసేస్తారని మా అమ్మ గుసగుసగా చెప్పింది. పరీక్షలు రెండు వారాల్లో ఉన్నాయి. ప్రభుదాసుని ఊరి కుర్రాళ్ళు బస్టాండు దగ్గర ఆపి కొట్టారు. సువార్తమ్మ అతన్ని వేటపాలెంలో జీడిపప్పు కార్ఖానాలో పనిచేసే చెల్లెలి దగ్గరికి పంపేసింది. ఇలాంటివి ఎంతదాకా పోతాయో మాకు తెలుసు, పేపర్లో చదివేవాళ్ళం. వీధిలో బండి శబ్దం వినబడితే ఉలిక్కిపడేదాన్ని. అన్నం సగంలో వదిలేసేదాన్ని. పరీక్షల భయమనుకుని అమ్మ హార్లిక్స్ కలిపి ఇచ్చేది. అది తాగుతూ నేను నోరు మూసుకుని ఉన్నాను.

నాలుగో రోజు పొద్దున సువార్తమ్మ మా ఇంటికొచ్చింది. ఎప్పటిలాగే పెరటి వైపు నుంచి. నేను కుళాయి దగ్గర ఉన్నాను.

"పాపా, ఆ ఫోనులో మేమంతా ఉన్నాం గదా. అది చూపిస్తే అయిపోద్ది. వాళ్ళిద్దరే ఉన్నారని గదా వీళ్ళ గోల."

"లేదు సువార్తమ్మా. చెరిపేశాను."

"మరి ఊళ్ళో తిరిగేదాంట్లో మేం ఎందుకు లేం?"

ఆమె నా మొహం చూసింది, అర్థమైపోయింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. "అట్టనా" అంది. తువ్వాలు సర్దుకుని, "మేం పదకొండు మందిమి చెప్పినా మా మాట వాళ్ళకి ఆనదు. కూలోళ్ళు కొడుకుని వెనకేసుకొస్తన్నారంటారు. నువ్వు రావాల" అంది.

"నాన్న చంపేస్తాడు."

"నాకూ భయంగానే ఉంది. పద."

రమ్య వాళ్ళ ఇంటికి ఆ పదకొండు మంది వెనక నడిచాను. పనికి పోయే వేళ కావడంతో అందరూ చొక్కాలు, తువ్వాళ్ళతోనే ఉన్నారు. మామూలుగా వాళ్ళు గేటు బయటే నిలబడి పిలుస్తారు. ఆ రోజు సువార్తమ్మ గేటు తీసుకుని లోపలికి వెళ్ళింది. అరుగు మీద కుర్చీలో రమ్య నాన్న వెంకట్రావు బాబాయి పేపరు చదువుతున్నాడు. శ్రీకాంత్ అన్నయ్య మెట్ల మీద నిలబడి ఉన్నాడు. "ఏందిది? ఎవరు రమ్మన్నారు?" అని అరిచాడు. సువార్తమ్మ జవాబు చెప్పకుండా వాకిట్లో ఉన్నపళాన నేల మీద కూర్చుంది. మేస్త్రి కూర్చున్నాక మిగతావాళ్ళు నిలబడరు. అలవాటు ప్రకారం ఎవరి చోట్లో వాళ్ళు కూర్చున్నారు. తోడికోడలు, మార్తమ్మ, కరుణమ్మ. వాకిలి ఈ చివర నుంచి ఆ చివరికి వరస పడింది.

"అయ్యా, మీరు పుట్టినకాడ్నించీ చూస్తన్నారు. కల్లంలో మేం ఇట్టనే గదా కూర్చునేది" అంది సువార్తమ్మ. గొంతు పెద్దగా లేదు. "మీ పాప అదిగో, కరుణమ్మకి రెండు బారల దూరంలో నిలబడింది. మావోడు ఇవతల. ఏదో రికార్డు పుస్తకం అడిగింది. కప్పబొమ్మ గురించి చెప్తే నవ్వుకున్నారు. మేమూ నవ్వాం."

"కథలు చెప్పబాకండి. వీడియోలో మీరు ఒక్కళ్ళన్నా ఉన్నారా?" అన్నాడు శ్రీకాంత్.

అందరూ నావైపు చూశారు. పారిపోదామని ఒళ్ళంతా లాగుతోంది.

"నేనే తీశాను అన్నయ్యా. భయపడి కాదని అబద్ధం చెప్పాను. వీళ్ళంతా ఉన్నారు. నేనే కత్తిరించాను."

"ఎందుకు?"

"బాగా కనపడరని."

ఆ మాట పదిమందీ విన్నారు. మార్తమ్మకి వినబడలేదు, పక్కావిడ ఆమెకి చెప్పలేదు కూడా. నా జీవితంలో అంత సిగ్గు నాకు మళ్ళీ ఎప్పుడూ వెయ్యలేదు. వెంకట్రావు బాబాయి పేపరు మడిచి ఆ వరసని చాలాసేపు చూశాడు. కల్లాల్లో పెరిగిన మనిషి, ఆ వరస కల్పించి కూర్చునేది కాదని ఆయనకి తెలుసు. చివరికి లోపలికి తిరిగి, "రమ్యా, పుస్తకాలు తియ్యి. రేపట్నించి కాలేజీకి పో" అన్నాడు. శ్రీకాంత్ ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపాడు. సువార్తమ్మ లేస్తూ, "నా కొడుకు ఒంటిమీద దెబ్బల సంగతి ఇంకోసారి మాట్లాడుకుందాం అయ్యా. ముందు పిల్లని పరీక్ష రాయనియ్యండి" అంది. ఆ ఇంకోసారి మాత్రం రాలేదు. ఎవరూ రానివ్వలేదు.

రమ్య పరీక్షలు రాసింది. సెంటరు బయట వాళ్ళన్నయ్య రోజూ కాపలా ఉన్నాడు. నాతో మాట్లాడటం మానేసింది, ఇప్పుడు విజయవాడలో నర్సింగ్ చేస్తోందని విన్నాను. మా నాన్న నన్ను కొట్టలేదుగాని పరువు తీశావని నెలరోజులు నా మొహం చూడలేదు. దెబ్బంతా సువార్తమ్మకే తగిలింది. పెద్దమనుషుల వాకిట్లోకొచ్చి కూర్చుందని ఆ ఏడు సగంమంది రైతులు ఆమె ముఠాని పిలవలేదు. మరుసటేడు మా నాన్న కూడా వేరే ముఠాని పెట్టుకున్నాడు. ఆమె వేటపాలెం వెళ్ళిపోయి చెల్లెలితో పాటు జీడిగింజలు కొట్టే పనిలో చేరింది.

డిగ్రీ అయ్యాక ఒకసారి వెతుక్కుంటూ వెళ్ళాను. జీడిగింజల్లోంచి కారే పాలు తగిలి సువార్తమ్మ వేళ్ళు నల్లబడ్డాయి. ప్రభుదాసు చీరాలలో బడిలో సైన్సు చెబుతున్నాడట. "ఇప్పటికన్నా కప్పబొమ్మ సరిగ్గా గీస్తన్నాడో లేదో" అని నవ్వింది. ఎన్నాళ్ళనుంచో అడగాలనుకున్నది అప్పుడడిగాను.

"ఆ రోజు అంత ధైర్యంగా వాళ్ళ వాకిట్లో ఎట్టా కూర్చున్నావు పెద్దమ్మా?"

పెద్దమ్మా అన్నందుకేమో, నావైపు ఒకసారి ఆగి చూసింది.

"ధైర్యమా పాడా! గేటు దాటంగానే మోకాళ్ళు రెండూ వణికినయ్. నిలబడితే పడిపోతానని కూలబడ్డా. నేను కూర్చున్నానని వాళ్ళూ కూర్చున్నారు. కూర్చున్నాక ఇంక లెగిసి పోలేం గదా, చెప్పాల్సింది చెప్పా."

నేను ఇప్పటికీ పిరికిదాన్నే. కిందటి నెల మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి ఫొటోకి ఏవో రాతలు కలిపి మగవాళ్ళు ఫోన్లలో పంచుకుంటున్నారని తెలిసింది. మేనేజరు గదిలోకి వెళ్ళాను. లోపల ఆ ఫొటో చూసి నవ్వినవాళ్ళే ఇద్దరున్నారు. మోకాళ్ళు వణకడం మొదలైంది. ఎవరూ కూర్చోమనలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఆ ఫొటో ఎవరు పంపారో తేల్చండి సార్. తేలేదాకా ఇక్కడే ఉంటాను" అన్నాను.