తనే తగ్గే ఛార్జరు

నిదానం అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు, వీధి పెట్టింది. కారు నడిపేవాడికి నిదానం అని పేరు రావడమంటే ఈతగాడికి నీళ్ళంటే భయమన్నట్టు ఉంటుంది. అయినా ఆయన కారెక్కినవాళ్ళు ఆ పేరును మెచ్చుకోలుగానే అంటారు. కొత్తగా కాన్పయినవాళ్ళు, కంటికి ఆపరేషనైనవాళ్ళు, మోకాళ్ళు మడవలేనివాళ్ళు, వీళ్ళే ఆయన బేరాలు. గతుకు వస్తోందంటే ముందే చెప్తాడు, "కాస్త గట్టిగా పట్టుకోండమ్మా" అని. పడ్డాక అయ్యయ్యో అనే డ్రైవర్లు ఊరినిండా ఉన్నారు. పడకముందే చెప్పేవాడు ఈయనొక్కడే.

ఉండేది రెండంతస్తుల ఇల్లు. కింద అన్నా వదినా, పైన ఈయనా భార్యా. పైకి మెట్లు కింది వంటగదిలోంచే ఉన్నాయి, కాబట్టి పిల్లి పైకెక్కినా వదిన కళ్ళు దాటిపోదు. తల్లి పోయేనాటికి నిదానం నిక్కర్లు వేసుకునే పిల్లాడు. అప్పటికి ఆ ఇంట్లో అడుగుపెట్టి ఏడాదైనా కాని వదినే వాడి తల దువ్వి, జ్వరాలకు కాపలా కాసి, పరీక్ష తప్పినప్పుడు అన్న చేతి దెబ్బకు అడ్డం పడి పెంచింది. "నాకు కడుపు పండకముందే పదేళ్ళ కొడుకు పుట్టాడు" అని నవ్వుతూ చెప్పుకుంటుంది. అన్నది తాళాల కొట్టు. మాటలు కూడా తాళం వేసే దాచుకుంటాడు.

ఇంటికి పేరు తెచ్చింది మాత్రం వదిన ఓవెను. ముందుగదిలో బీరువా అంత ఉంటుంది, కరెంటుది. చుట్టుపక్కల టీ కొట్లన్నిటికీ బన్నులూ బ్రెడ్డూ రస్కులూ ఆవిడవే. మధ్యాహ్నం వెలిగించిందంటే మర్నాడు తెల్లారేదాకా ఆర్పదు. లోపలి రాతిపలక ఒకసారి చల్లారితే మళ్ళీ వేడెక్కడానికి తాతలు దిగిరావాలి.

పెట్రోలు కారు దగ్గుతూ ముక్కుతూ ముసలిదైపోయాక నిదానం కరెంటు కారు కొన్నాడు. పంతులమ్మ కోసమే కొన్నాడన్నా తప్పులేదు. ఆవిడ పని విరమించిన లెక్కల టీచరు, ఒంటి మనిషి. మూత్రపిండాలు పాడై, వారానికి మూడుసార్లు ఊరి ఆ చివరనున్న ఆసుపత్రికి పోయి రక్తం శుద్ధి చేయించుకోవాలి. పెట్రోలు వాసనకు ఆవిడకు కడుపులో తిప్పేది. ఆసుపత్రిలో మెషీన్లు తక్కువ, జనం ఎక్కువ. వేళకు చేరకపోతే ఆ మంచం మీదికి ఇంకొకరు ఎక్కేస్తారు. అందుకే ఆవిడ వేరే బండిని నమ్మలేదు, ఈయన ఆవిడ పూటకు వేరే బేరం ఒప్పుకోలేదు.

మొదట్లో కారును వాకిట్లో మామూలు ప్లగ్గుకే తగిలించేవాడు. ఓవెనూ గీజరూ కారూ కలిశాయంటే ఇంటి మెయిను టప్పున పడిపోయేది. "ఒరేయ్, నీ కారు మళ్ళీ మింగేసిందిరా!" అని కింద వదిన కేక, "వస్తున్నా వదినా" అని పైన ఈయన పరుగు. ఆ కేకలూ పరుగులతోనే కాలం గడిచిపోయేది గానీ, ఒకనాడు మెయిను పడిన సంగతి ఎవరూ చూసుకోలేదు. రెండు ట్రేల బ్రెడ్డు సగం కాలి చతికిలబడింది. వదిన ఒక ముక్కను గోడకు కొట్టి చూసి, "పోనీలే, గది కట్టుకోడానికి ఇటుకలయ్యాయి" అంది. అందరూ నవ్వారు. నిదానానికి మాత్రం ఆ పూట అన్నం సయించలేదు.

మర్నాడే భార్యను వెంటబెట్టుకుని ఛార్జర్ల దుకాణానికి వెళ్ళాడు. గోడకు వరసగా తగిలించి ఉన్నాయి, స్నానాలగది అద్దాల్లా. దుకాణం కుర్రాడు చేతిలోని పుల్లతో చూపిస్తూ మొదలుపెట్టాడు.

"ఇది బలమైంది సార్. ఎవర్నీ అడగదు, ఎంత కావాలంటే అంత లాగేస్తుంది."

"మెయిను పడిపోదూ?"

"పడుతుంది సార్. మీ ఇంటి కరెంటును బట్టి. ఇదిగో, ఇది స్మార్టు. మీటరు దగ్గర వైరుకు గాజులాంటిది ఒకటి తొడుగుతాం. ఇంట్లో ఎవరేం వాడుతున్నారో దానికి తెలిసిపోతుంది. వాడకం ఎక్కువైతే తనే తగ్గుతుంది, మరీ ఎక్కువైతే తనే ఆగిపోతుంది. ఎవరికీ ఇబ్బంది ఉండదు. అంతా ఫోన్లో చూసుకోవచ్చు."

"తనే తగ్గుతుందా?" నిదానం మొహం విప్పారింది.

"అచ్చం మీలాగే" అంది భార్య. "ఇంట్లో ఒకరు చాలలేదని ఇంకొకరా?"

"ఇదే ఇవ్వు నాయనా" అన్నాడు నిదానం.

"కాస్త ఆలోచించండి. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధని ఊరికే అన్నారా?" అని భార్య చెవిలో గొణిగింది. ఆయన అప్పటికే రంగు ఎంచుకుంటున్నాడు.

ఛార్జరు వచ్చి గోడకెక్కింది. ఇల్లంతా చల్లబడింది. మెయిను పడటం ఆగిపోయింది, కేకలు ఆగిపోయాయి. వదిన వచ్చినవాళ్ళందరికీ, "మా మరిది తెలివైంది తెచ్చాడు. ఉందో లేదో కూడా తెలీదు" అని చూపించేది. చిక్కంతా అక్కడే వచ్చింది. ఇదివరకు గీజరు వేసే ముందు, "కారు పెట్టావా రా? కాసేపు ఆగనా?" అని కింద నుంచి అడిగేది. ఇప్పుడు అడగాల్సిన పనేముంది? ఏదీ పడిపోవడం లేదుగా! ఆవిడ ధైర్యంగా ఇంకో టీ కొట్టు ఒప్పుకుంది. పిండి కలిపే మిషను ఒకటి తెచ్చుకుంది. ఛార్జరు పాపం అన్నిటికీ దారి వదిలి గోడకు అంటిపెట్టుకుని కూర్చుంది.

పైన మంచం మీద నిదానం ఫోను చూసుకునేవాడు. 'ఆగింది. మీ ఇంటి అవసరం తీరాక మళ్ళీ మొదలవుతుంది' అని కనపడేది. తెల్లారి ఓవెను ఆరేసరికి ఆయన బేరాలకు బయల్దేరే వేళయ్యేది. ఇంటి అవసరం ఎప్పుడు తీరుతుంది? ఏ ఇంటికైనా తీరుతుందా? కంపెనీవాళ్ళకు ఫోను చేశాడు. అవతల ఒకమ్మాయి ఏవేవో పరీక్షలు చేసి, "సార్, మీ ఛార్జరు చాలా చక్కగా పనిచేస్తోంది" అంది సంతోషంగా.

"అదేనమ్మా నా బాధ" అన్నాడు.

"కారుకే ముందు ఇవ్వమని మార్చలేరా?" అని మళ్ళీ తనే అడిగాడు.

"మారిస్తే మీ మెయిను పడిపోతుంది సార్. ఉన్నది పంచడమే గానీ, లేనిది తేవడం దీని పని కాదు కదా."

ఆ మాట నిజమే. నిజమైన మాటతో ఎవరు పోట్లాడగలరు?

"కిందికెళ్ళి అక్కతో చెప్పండి" అంది భార్య.

"ఏమని?"

"కాసేపు ఓవెను ఆపమని."

"నాకు ముద్ద పెట్టిన మనిషిని పొయ్యి ఆపమని ఏ నోటితో అననే?"

"అన్నం తిన్న నోటితోనే అనండి. లేకపోతే నేను చెప్తా."

"నువ్వు చెప్తే తోడికోడలు చెప్పినట్టవుతుంది. నేను చెప్తే కొడుకు చెప్పినట్టవుతుంది. రెండూ వద్దు."

చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అంటారే, ఆ తీరుగా ఉంది ఆయన పని. ఇక చేసేదిలేక పొద్దున్నే అందరికంటే ముందు లేచి, రోడ్డు పక్క ఛార్జింగు స్టేషనుకు పోయి వరసలో నిలబడేవాడు. అడిగితే గాలి పీల్చుకోడానికి వెళ్ళానని చెప్పేవాడు. ఆ స్టేషనులో ఉన్న యంత్రాలు రెండే, అందులో ఒకటి ఎప్పుడూ అలిగి కూర్చుంటుంది.

ఒకరోజు రెండోదీ అలిగింది.

కారులో అడుగుబొడుగు కరెంటే ఉంది. ఎలాగో చేరకపోతామా అని పంతులమ్మను ఎక్కించుకున్నాడు. ఆవిడ శాలువా కప్పుకుని, నీళ్ళసీసా ఒళ్ళో పెట్టుకుని ముందుసీట్లో కూర్చుంది. సగం దారిలోనే కారు ఎర్రదీపం చూపించింది. ఇంకో స్టేషను వెతికి చేరేసరికి అక్కడ ముందు నాలుగు కార్లు. వేరే బండి పిలుద్దామంటే ఆ వేళకు ఒక్కటీ రాలేదు. నిదానం ఒక్కో కారు దగ్గరకూ వెళ్ళి, లోపల ఒంట్లో బాగాలేని మనిషి ఉందని బతిమాలాడు. ఒకాయన దారి ఇచ్చాడు, ఇద్దరు అద్దాలు దించలేదు.

ఆసుపత్రి చేరేసరికి ఆవిడ మంచం మీద ఇంకెవరో ఉన్నారు. సాయంత్రం దాకా కుర్చీలో కూర్చోబెట్టి, సగం వేళే మెషీను పెట్టి పంపారు. తిరిగొచ్చేటప్పుడు ఆవిడ పాదాలు చెప్పుల్లో పట్టలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని, "నీ తప్పేముంది నాయనా, యంత్రం కదా" అంది. నాలుగు తిట్టినా బాగుండేది. ఓదార్చేసరికి ఆయన కళ్ళ ముందు రోడ్డు మసకబారింది.

పంతులమ్మకు దాపరికం తెలీదు. మర్నాడు బన్నులకు వచ్చి, అడిగినదానికీ అడగనిదానికీ కలిపి వదినకు అంతా చెప్పేసింది. ఆవిడ గేటు దాటిందో లేదో, వదిన పిండి చేతులతోనే మెట్ల కింద నిలబడింది.

"దిగు."

నిదానం దిగాడు. వెనకే భార్యా దిగింది.

"మెషీను మీద ఉండాల్సిన మనిషి రోడ్డు పక్క నీ కార్లో కూర్చుందట. దేనికిరా?"

"ఛార్జింగు లేక వదినా."

"మరి తెలివైంది తెచ్చావుగా?"

ఆయన మెట్టును కాలిబొటనవేలితో గీస్తూ నిలబడ్డాడు. భార్య ఇక ఆగలేకపోయింది. "తెలివైందే అక్కా. నీ ఓవెను వెలిగితే అది ఆరిపోతుంది. అంత తెలివి."

వదిన మైదా బస్తా మీద కూలబడింది. "ఎప్పట్నుంచి?"

"పెట్టినప్పట్నుంచే."

"ఒరేయ్, మెయిను పడేటప్పుడు నాకు తెలిసేది కదరా! ఇది నోరు మూసుకు కూర్చుంటే, నువ్వూ నోరు మూసుకు కూర్చుంటే, నాకెలా తెలుస్తుంది? నేను జోస్యం చెప్పేదాన్నా?" చేతిలోని గుడ్డతో వాడి భుజం మీద ఒకటి వేసింది. పిండి రేగింది. "పెంచినందుకు నన్ను పరాయిదాన్ని చేశావు."

ఆ దెబ్బకంటే ఆ మాటే తగిలింది.

అన్న కొట్టు మూసి తమ్ముణ్ణి కరెంటాఫీసుకు తీసుకెళ్ళాడు. కిటికీ వెనక ఉన్నావిడ మంచి మనిషే. అన్నీ ఓపిగ్గా విని చెప్పింది: "ఒక్క ఇంటికి మేం ఇవ్వగలిగింది ఇంతేనండీ. ఇంకా కావాలంటే రెండో మీటరు పెట్టుకోవాలి. దానికి ఇల్లు రెండు వాటాలైందని, రెండు సంసారాలని ఇద్దరూ రాసివ్వాలి. పైవాటాకు మెట్లు బయటి నుంచి ఉండాలి. మావాళ్ళు వచ్చి చూస్తారు."

ఇంటికి వచ్చి అన్న ఆ సంగతి చెప్పి, నేల చూస్తూ, "కాగితం మీదేగా" అన్నాడు.

"ఎదురింటి అన్నదమ్ములూ కాగితం మీదే అన్నారు" అంది వదిన. "ఇప్పుడు వాళ్ళ నట్టింట్లో గోడ ఉంది. ఒకడికి జ్వరమొస్తే రెండోవాడికి వీధిలోవాళ్ళు చెప్తున్నారు. మీటరు సంగతి సరే, మెట్లు బయట కట్టాక వీడు నా వంటింట్లోకి ఎందుకొస్తాడు? వచ్చినా చుట్టంలా వస్తాడు, చెప్పులిప్పి."

వాటా రాస్తే ఇల్లు పోతుంది. ఓవెను ఆపితే టీ కొట్లు పోతాయి, పోయిన కొట్టు మళ్ళీ రాదు. కారు ఆగితే పంతులమ్మ పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి, పక్కన ఇంకోటి.

పంతులమ్మ ఆసుపత్రి వంతుకు ముందురోజు సాయంత్రం వదిన ఎవరితోనూ అనకుండా ఓవెను ఆర్పేసింది. పైన ఫోన్లో అంకెలు చకచకా ఎక్కుతున్నాయి. ఎన్నాళ్ళుగానో నిదానం ఎదురుచూసిన అంకెలు అవే. అయినా ఒక్కో అంకె ఎక్కుతుంటే, కాల్చని బ్రెడ్డు ఒక్కొక్కటే కళ్ళకు కట్టింది. కూర్చోలేక కిందికి దిగాడు.

"నిండింది వదినా. వేసుకో ఓవెను."

వదిన బొడ్లో దోపుకున్న ఫోను తీసి చూసింది. "నలభై రెండు అంటోంది. లెక్కల పంతులమ్మను తిప్పేవాడివి, నూరుకీ నలభై రెండుకీ తేడా తెలీదా?"

"నీ ఫోన్లో ఇదెవరు పెట్టారు?"

మెట్ల పైన భార్య గట్టిగా దగ్గింది.

"అది చాలు వదినా, రేపటికి సరిపోతుంది."

"మొన్నా సరిపోతుందనే కదరా బయల్దేరావు?"

నిదానం స్విచ్చు మీద చెయ్యి వేశాడు. వదిన ఆ చేతిని పట్టుకుంది. చిన్నప్పుడు రోడ్డు దాటించేటప్పుడు పట్టుకున్నంత గట్టిగా పట్టుకుంది. అంతలో అన్న కొట్టు నుంచి వచ్చాడు. చల్లారుతున్న ఓవెను వంక చూశాడు, చేతులు పట్టుకుని నిలబడ్డ ఇద్దరి వంకా చూశాడు.

"వెయ్యన్నా" అన్నాడు నిదానం.

"ముట్టుకోకండి" అంది వదిన.

అన్న గుమ్మంలోనే నిలబడిపోయాడు. పెద్ద గిన్నెలో పిండి మాత్రం ఎవరికోసమూ ఆగకుండా పొంగుతోంది. తడిగుడ్డను ఎత్తుకుంటూ అంచు దాటి, బల్ల మీదికి మెల్లగా జారుతోంది.