బాపమ్మ కత్తెర కథ, రెండో భాగం

నాన్నను కన్న మా బాపమ్మ కొమురవ్వకు మిగిలిన పళ్ళు పదకొండు. కోపమొస్తే ఆ పదకొండూ నూరుతుంది. సూరత్‌లో, గోడాదరాలోని మా గదిలో కూర్చుని కొత్త చీరల మీద వేలాడే దారాలు కత్తిరించడం ఆమె పని. ఇరవై ఏళ్ళుగా అదే పని, అదే చిన్న కత్తెర, అవే తిట్లు.

మొదటి లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగి బిల్డింగంతా పని లేక ఖాళీగా ఉన్నప్పుడు, సాయంత్రాలు డాబా మీద ఆమె ఒక కథ చెప్పింది. అందులో మంగ అనే ఆడమనిషి ముఖానికి చీరముక్క కట్టుకుని, తనను ఏడిపించిన మిల్లువాళ్ళను ఒక్కొక్కరినే కత్తెరతో చంపుతుంది. చివరికి మిల్లు తగలబడి తనూ పోతుంది. నేను ఏడో తరగతితో బడి మానేసినా ఫోన్లో ఇలాంటి సినిమాలు చాలానే చూశాను. వాటికన్నా బాపమ్మ కథే నయం. ఆ మాట ఆమెతో అనలేదు, నెత్తికెక్కి కూర్చుంటుంది.

మరుసటి ఏడు ఏప్రిల్‌లో అమ్మానాన్న ఊళ్ళో ఉండగా బాపమ్మకు జ్వరం వచ్చింది. పక్క గది లింగం కరోనా అనుకుని, ఎవరినీ అడక్కుండా మా తలుపుకు బయట తాళం వేశాడు. రెండు రోజులు లోపల బాపమ్మ, నేను, ఒక బిందె నీళ్ళు. కింది గది సమ్మక్క వచ్చి తాళం పగలగొట్టింది. పరీక్ష చేయిస్తే మలేరియా అని తేలింది.

లేచి కూర్చోగానే బాపమ్మ అన్న మొదటి మాట, "మంగను మల్ల లేపుతా."

"సచ్చింది గదనే! రెండో భాగాలన్నీ గిట్లనే పాడైతయ్. మొదటిది తెల్వనోళ్ళకు ఏం సమజైతది? లింగం గప్పుడు ఊర్ల ఉండె. ఒక్క ముక్క ఇనలే," అన్నాను.

"వానికే సమజ్ గావాలె," అంటూ పళ్ళు నూరింది.

నాలుగు రోజులు దారాలు కత్తిరిస్తూ కథ అల్లింది. పాత కథలోంచి నేనేది గుర్తుచేసినా "తీసెయ్" అంది. మిల్లు పోయింది, మంట పోయింది. మంగ, కత్తెర మిగిలాయి.

జూన్‌లో ఒక సాయంత్రం డాబా నిండింది. సగం మంది కొత్తగా అద్దెకొచ్చినవాళ్ళు. లింగం కూడా గుట్కా నములుతూ వచ్చాడు. మాలో కథ చెబుతుంటే ఎదురుగా ఒకరు ఊ కొట్టాలి. ఊ ఆగితే కథ ఆగుతుంది.

బాపమ్మ వేలు చూపించింది. "లింగం, నువ్వు ఊ కొట్టు బిడ్డా."

"నాకు ముందటి కథ తెల్వదు పెద్దమ్మా."

"అక్కర్లేదు. ఒక బిల్డింగుల ఒకడున్నడు."

"ఊ."

"పక్క గది ముసల్దానికి జరమొస్తే బయట తాళమేసిండు."

లింగం నమలడం ఆపాడు. "...ఊ."

"గా రాత్రి మంగ అచ్చింది. వాని తలుపుకు బయట తాళం పడ్డది. కత్తెర సప్పుడు మాత్రం లోపట్నుంచి అచ్చింది."

ఒక పిల్ల వాళ్ళమ్మ కొంగులో దూరింది. మంగ ఎవరని ఒక్కరూ అడగలేదు. నా సినిమా తెలివి అక్కడికి చాప చుట్టేసింది.

లింగం మాత్రం ఊ అనలేదు.

"ఊ అను లింగం, కథ ఆగింది!" అని సమ్మక్క అరిచింది.

"పెద్దమ్మా, ఇంట్ల పిల్లలున్నరని బయపడి జేసిన. తప్పయింది," అన్నాడు తల వంచుకుని.

నేనైతే కరిగిపోయేదాన్నే.

"గా మాట నాకెందుకు బిడ్డా? ఊ అను."

"ఊ."

"వాని చేతులకు ఏళ్ళు పది," అంది బాపమ్మ. "ఇయ్యాల కత్తెరకు ఒక్కటే."

మిగిలిన తొమ్మిది సాయంత్రాలూ కొత్తవాళ్ళే లింగాన్ని గదిలోంచి లాక్కొచ్చి ముందు కూర్చోబెట్టారు. అతని ఊ వింటేనే ఒళ్ళు జలదరిస్తోందట.