చూడకుండా పూడ్చిన మాయ

నా చిన్నప్పుడు నాకు సర్కస్ పిచ్చి పట్టిన ఏడాదే మా తాతయ్య పరువు పోయింది. రెండింటికీ సంబంధం ఉంది. దాన్ని ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

తొంభైల మొదట్లో మేము యలహంక అవతల ఒక గుర్రాల ఫారంలో, పనివాళ్ల ఇళ్ల వరసలో ఉండేవాళ్లం. పందేలకు పరిగెత్తే గుర్రాలు అక్కడ పుట్టేవి. ఈనే గుర్రాల కొట్టానికి మా తాతయ్యే పెద్ద. గుర్రం ఈనాక పడే మాయను ఆయన సిమెంటు గచ్చు మీద పరిచి, నీళ్లు పోసి, అంగుళం అంగుళం చూసేవాడు. అది రెండు కాళ్ల పైజమాలా ఉంటుంది. ఏ కాలి కొసైనా తెగి గర్భసంచిలో ఉండిపోతే, లోపలే కుళ్లి గుర్రానికి జ్వరం వస్తుంది. బతికినా మళ్లీ చూలు నిలవకపోవచ్చు. చూడకుండా పూడ్చకూడదని పనివాళ్లందరికీ నేర్పింది ఆయనే.

ఆ ఆదివారం తెల్లవారుతుండగా ఒక ఎర్ర గుర్రం ఈనింది. ఫారం పుస్తకంలో దానికి నోరు తిరగని ఇంగ్లీషు పేరుండేది. తాతయ్య మాత్రం చిన్నమ్మి అని పిలిచేవాడు. మధ్యాహ్నం ఆటకు సర్కస్‌కు తీసుకెళ్తానని ఆయన నాకు మాటిచ్చి ఉన్నాడు. నేను కొత్త గౌను వేసుకుని కొట్టం ముందు నిలబడి, సిటీలోకి వెళ్లే మెజెస్టిక్ బస్సు వెళ్లిపోతుందని ఆయన ప్రాణం తీశాను. ఏడ్చాను కూడా. ఆయన మాయను పరవకుండానే బకెట్లో వేసుకెళ్లి పూడ్చేసి, చేతులు కడుక్కుని నా వెంట వచ్చాడు. ఆ సర్కస్‌లో ఏనుగు స్టూలు మీద కూర్చోవడం తప్ప నాకేమీ గుర్తులేదు.

సోమవారం నేను బడి నుంచి వచ్చేసరికి చిన్నమ్మి మేత ముట్టకుండా తల వేలాడేసుకుని ఉంది. ఒళ్లు కాలిపోతోంది. పిల్ల దాని పొదుగు కింద దూరుతోంది. డాక్టరు, యజమాని, పనివాళ్లు అందరూ చుట్టూ నిలబడ్డారు. మాయ మొత్తం వచ్చిందా అని డాక్టరు అడిగాడు. తాతయ్య దాన్ని పూడ్చిన చోటు వైపు చూశాడు. నాకు భయం వేసింది.

"మొత్తం వచ్చింది సార్. తాతయ్య పరిచి చూశాడు, నేనూ చూశాను" అన్నాను.

యజమాని ముఖం తేలికపడింది. తాతయ్య ఊరుకుని ఉంటే చాలు, ఆయన పరువు దక్కేది. ఆయన నా తల మీద చెయ్యి వేశాడు.

"లేదు సార్. పాపకు తెలీదు. నేను సూడలేదు. ఆత్రంగా పూడ్చేస్తిని."

తను పని నేర్పిన వాళ్ల ముందే పార పట్టి గుంట తవ్వాడు. మాయను తీసి, మట్టి కడిగి గచ్చు మీద పరిచాడు. ఒక కాలి కొస లేదు.

"ఈడ లేదు సార్. లోపలే ఉండాది."

డాక్టరు ఆ ముక్కను తీసి, చాలా రోజులు ఉప్పునీటితో గర్భసంచి కడిగాడు. చిన్నమ్మి బతికింది. కానీ తర్వాత రెండేళ్లూ చూలు నిలవలేదు. ఒకరోజు లారీ ఎక్కించి పంపేశారు. ఎక్కడికని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. తాతయ్యను గడ్డి కోసే పనికి మార్చారు.

ఆ సోమవారం నా మాట కాదన్నాడన్న కోపంతో నేను ఆయనతో వారం మాట్లాడలేదు. నా మాటకు ఆయన తలూపి ఉంటే డాక్టరు జ్వరానికి వేరే కారణం వెతికేవాడని, ఈలోగా గుర్రం చచ్చిపోయేదని అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఇప్పుడు బొమ్మసంద్రలో ఒక మందుల కంపెనీలో తనిఖీ పని చేస్తున్నాను. బయట లారీ హారన్ కొడుతుంటే, సంతకం పెట్టేయండి మేడం అని కుర్రవాళ్లు తొందరపెడతారు. ఇంకా చూడలేదు అంటాను. చాదస్తం అనుకుంటారు. అనుకోనీ.

ఆ మాట తాతయ్య దగ్గరే నేర్చుకున్నాను, అదీ సగమే. ఎందుకంత ఆత్రపడ్డావని యజమాని నిలదీసినప్పుడు, ఆయన నా తల మీది చెయ్యి తియ్యకుండానే తప్పంతా తనదే అన్నాడు. సర్కస్ ఊసు చనిపోయేదాకా ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆ రోజు తొందరపెట్టింది నేనే.