నూనె తగిలిన బెల్టుకు గ్యారంటీ లేదు

తమిళనాడులో మా క్రైస్తవ సంఘానికి ఒక పాత పెట్రోలు వ్యాను ఉండేది. కోవిల్‌పట్టిలో వేరుశెనగ మిఠాయి చేసే ఒకాయన దాన్ని చాలా ఏళ్ళు వాడుకొని మాకు అమ్మాడు. ఎండ ఎక్కితే లోపల ఇంకా బెల్లం వాసన వచ్చేది. రెండువేల తొలి ఏళ్ళలో నేను వారమంతా అగ్గిపెట్టెల కంపెనీలో పనిచేసి, ఆదివారం పొద్దున ఆ వ్యాను నడిపేవాణ్ణి. ఏళాయిరంపన్నైలో టపాకాయల పనిచేసే మా విశ్వాసులు కొందరు ఉన్నారు. ఆ వేళకు అక్కడినుంచి బస్సు దొరకదు. వాళ్ళను కోవిల్‌పట్టిలోని మా గుడికి ఆరాధనకు తీసుకురావడం వ్యాను పని.

అక్కడ అందరికంటే ముందు ఎక్కి నా పక్క సీటులో కూర్చునేది మా చిన్నమ్మ, అమ్మకు చెల్లెలు. మోకాళ్ళు పట్టేసినందువల్ల ఎత్తుగా ఉండే బస్సు మెట్టు ఎక్కలేదు. వ్యాను ఆగిపోతే ఆమెకు ఆరాధన లేనట్టే.

ఒకసారి రేడియేటరు కారుతోందని వ్యానును విరుదునగర్ తీసుకువెళ్ళాను. అక్కడి మెకానిక్ ఇంట్లో మాలాగే తెలుగు మాట్లాడే మనిషి. పని చేస్తూ ఇంజను ముందున్న మూత విప్పి, లోపల తిరిగే పళ్ళ బెల్టును వేలితో వంచి చూపించాడు. వంచిన చోటల్లా సన్నటి పగుళ్ళు.

"దీన్ని ఎప్పుడు మార్చినారు అన్నా?"

"మార్చాల్నని కూడా నాకు తెలీదే."

"బండి పెద్దగా తిరగలేదు కదా అని విడిచిపెడతారు. రబ్బరు నిలబెట్టినా ముసలిదైతాది."

నాకు అది వింతగా తోచింది. ఇనుము అరుగుతుందని తెలుసు. ఊరికే ఉన్న వస్తువుకు వయసు ఎలా మీదపడుతుంది? అసలు ఈ బెల్టు ఏం చేస్తుందని అడిగాను. కింద పిస్టన్లు పైకి లేచే వేళకు పైన వాల్వులు మూసుకోవాలట. ఆ రెంటికీ తాళం తప్పకుండా చూసేది ఇదేనట. మా పాటల బృందంలో మద్దెల వాయించే ఆయన గుర్తొచ్చాడు. ఆయన తప్పితే ఆడవాళ్ళు ఒక చరణంలో, మగవాళ్ళు ఇంకో చరణంలో ఉంటారు. ఇక్కడ తప్పితే వాల్వులు వంగిపోతాయి. అప్పుడయ్యే ఖర్చు పెట్టేకంటే వ్యానును పాత ఇనుముకు వేయడమే మేలు అన్నాడు మెకానిక్. ఇప్పుడే కొత్త బెల్టు వేయిస్తే ఏడాది గ్యారంటీ. ఈలోగా తెగితే బెల్టూ ఆయనదే, ఇంజను పనీ ఆయనదే. "ఆయిల్ మాత్రం తగలకూడదు. లోపల సీలు కూడా మార్చేస్తా, కారదు" అన్నాడు.

డబ్బు మా పిడికెడు బియ్యం నుంచి రావాలి. సంఘంలో ప్రతి ఇంటి ఇల్లాలూ పొయ్యి మీద ఎసరు పెట్టేముందు ఒక పిడికెడు బియ్యం వేరే కుండలో వేస్తుంది. నెలకోసారి ఆ బియ్యం కూడేసి అమ్ముతాం. ఏళాయిరంపన్నైలో ఆ బియ్యం కూడేసేది చిన్నమ్మే. ఆ డబ్బుతో ఏది కొన్నా, ఇచ్చిన చేతులు దాన్ని చూడాలి, పాస్టరయ్య ప్రార్థన చేయాలి, ఆ తరువాతే వాడకం. చాపలు, గంట, నీళ్ళ కుండ, అన్నీ అలా వచ్చినవే. అందుకని నేను బెల్టు కొన్నాను గానీ బిగించనివ్వలేదు. పెట్టెతో సహా కోవిల్‌పట్టికి తెచ్చాను. "పెండ్లికూతురిని చూపించేదానికి తీసుకపోతా ఉండారా?" అని మెకానిక్ నవ్వాడు.

ఆదివారం గుడిలో బెల్టు ప్రార్థన బల్ల మీదికి ఎక్కింది. చిన్నమ్మ పెట్టెలోనుంచి దాన్ని తీసి చేతికి గాజులాగా వేసుకొని చూసింది.

"ఏమప్పా, మా బియ్యమంతా పోసి కొనింది ఇంత రబ్బరునా?"

"అది తెగితే బండే లేదు చిన్నమ్మా."

"అయితే బాగా జెపం చేయాల."

పాస్టరయ్య ప్రార్థన నూనె వేలితో అద్ది బెల్టు మీద ఒక గుర్తు పెట్టాడు. చిన్నమ్మకు అది చాలలేదు. సీసా అందుకొని అరచేతిలో పోసుకొని, పసిబిడ్డకు రాసినట్టు ఒక్కో పంటి సందునా రాసింది. మిగిలిన ఆడవాళ్ళూ చేతులు కలిపారు. తరువాత బెల్టును నూనె గుడ్డలో చుట్టి మళ్ళీ పెట్టెలో పెట్టారు. నాకు ఏ అనుమానమూ రాలేదు. మెకానిక్ చెప్పింది ఇంజనులో కారే నల్లటి ఆయిల్ గురించి. ఇది బల్ల మీది నూనె. ఈ రెండూ ఒకే జాతివని మాలో ఎవరికీ తట్టలేదు.

కంపెనీలో సెలవు దొరికి ఒక సోమవారం నేను వ్యానుతో మళ్ళీ విరుదునగర్ చేరేసరికి కొన్ని వారాలు గడిచాయి. మెకానిక్ పాత బెల్టు విప్పి పక్కన పడేసి, కొత్తది తీసి వాసన చూశాడు.

"ఏమిది, కొబ్బరి నూనె?"

జరిగింది చెప్పాను. ఆయన నవ్వలేదు. బెల్టును రెండు చేతుల్లోకి మార్చుకున్నాడు. "మేమూ బండికి పసుపు కుంకం పెడతాము. నిమ్మకాయలు తొక్కిస్తాము. అంతా బయటనే అన్నా. లోపలికి పోము."

"తుడిస్తే సరిపోదా?"

"ఇంజన్ ఆయిల్ అయితే ఏమైతాదో చూసినాను. ఈ నూనె సంగతి ఎవురికి తెలుసు? గ్యారంటీ మాత్రం ఇయ్యలేను."

తెలుసుకోవాలనే కోరిక ఇద్దరికీ పుట్టింది. పాత బెల్టును ముక్కలుగా కోసి, ఒకటి నీళ్ళ గ్లాసులో, ఒకటి కొబ్బరి నూనె గ్లాసులో వేశాం. ఇంకొకటి ఊరికే కిటికీలో పెట్టాం. వ్యాను అక్కడే వదిలి బస్సులో ఇంటికి వచ్చాను.

ఆ వారమంతా నా మనసు ఆ గ్లాసు చుట్టూనే తిరిగింది. నూనె అంటే పరిశుద్ధపరిచేదని చిన్నప్పటినుంచి నేర్చుకున్నవాణ్ణి. బైబిల్లో రాయిని అభిషేకించినవారి గురించి చదివాను, గొర్రెలకాపరిని రాజుగా అభిషేకించినవారి గురించి చదివాను. రబ్బరును అభిషేకించినవారి మాట ఎక్కడా లేదు. దేవుడు రాయిని రాయిగా, రబ్బరును రబ్బరుగా చేశాడు. ఆయన పెట్టిన స్వభావాన్ని మన ప్రార్థన తప్పించాలని కోరడం విశ్వాసమా, తెలియనితనమా? ఆ ప్రశ్న అడగడంలో నాకు భయం కలగలేదు.

శనివారం వెళ్ళి చూస్తే నీళ్ళలోదీ కిటికీలోదీ ఎప్పటిలాగే ఉన్నాయి. నూనెలో నానిన ముక్క ఉబ్బింది. గోటితో నొక్కితే పళ్ళు మెత్తగా పక్కకు ఒరిగాయి.

"చూసినారా" అన్నాడు మెకానిక్, తనకే ఆశ్చర్యంగా. చెడిన కొత్త బెల్టును చెత్త డబ్బాలో వేయడానికి ఆయనకు చేయి రాలేదు. "జెపం చేసింది కదా, మీరే తీసుకపోండి" అని గుడ్డలో చుట్టి ఇచ్చాడు.

ఇంకో బెల్టుకు మళ్ళీ బియ్యం కూడాలి. అంతవరకు వ్యాను విరుదునగర్‌లోనే. ఆ మాట చిన్నమ్మకు చెప్పడానికి ఏళాయిరంపన్నై వెళ్ళాను.

"అంటే, నా నూనెతోనే చెడిందా?"

"అందరం రాసినాము చిన్నమ్మా."

"నువ్వు సర్దొద్దు. ఎక్కువ రాసింది నేనే." మోకాలు పిసుక్కుంది. "నూనె అంటే దేవునికి ఇష్టమే. బెల్టుకు గిట్టదని ఎవురన్నా చెప్పినారా నాకు?"

ఆదివారం ఆమే కాదు, ఆ ఊరి విశ్వాసులెవరూ రాలేకపోయారు. ఆ సంగతి విని పాస్టరయ్య, కోవిల్‌పట్టిలో ఆరాధన ముగిశాక, మాలో కొందరిని వెంటబెట్టుకొని మధ్యాహ్నం బస్సులో బయలుదేరాడు. చిన్నమ్మ వాకిట్లో చాప వేసుకొని పాడాం, ప్రార్థన చేశాం. కొత్త బెల్టు వచ్చేదాకా ప్రతి ఆదివారం అలాగే జరిగింది. పక్కింటామె మొదట గోడవతల నిలబడి విన్నది. తరువాత చాప చివర కూర్చున్నది. ఒకసారి, అయిపోయిన పాటను మళ్ళీ పాడమన్నది.

చివరికి బియ్యం కూడింది. ఈసారి బెల్టు పెట్టెలోనుంచి నేరుగా ఇంజనులోకి పోయింది. మెకానిక్ గ్యారంటీ ఇచ్చాడు. మేము ఉత్త చేతులు బండి ముందుభాగం మీద ఉంచి ప్రార్థన చేశాం.

ఆ ఆదివారం పొద్దున ఏళాయిరంపన్నైలో హారను కొట్టాను. చిన్నమ్మ గడపలో కనిపించింది గానీ మంచి చీర కట్టలేదు. వాకిలి అప్పటికే ఊడ్చి ఉంది. ఎప్పుడూ వ్యాను ఎక్కే మిగతావాళ్ళు ఆమె వెనకే నిలబడి ఉన్నారు.

"ఎక్కు చిన్నమ్మా. బండి బాగుండాది."

"బాగుంటే మంచిది. తిప్పుకొని పోయి కోవిల్‌పట్టిలో ఉండేవాళ్ళను ఈడికి తీసుకరా."

"నువ్వు రావా?"

"పక్కింటామె ఇప్పుడిప్పుడే పాట పట్టుకుంటా ఉండాది. నేను నీ బండెక్కి పోతే ఆమె ఎవురి పక్కన కూచుంటాది?"

కారణాలు చెప్పి చూశాను. ఆమె చాప పరవడం మొదలుపెట్టింది. ఖాళీ వ్యానుతో కోవిల్‌పట్టికి తిరిగి వచ్చి, గుడి మెట్ల మీద నిలబడి ఉన్న పాస్టరయ్యకు సంగతి చెప్పాను. ఆయన నా వెనక బండి వైపు చూశాడు.

"అందులో ఎంతమంది పడతారు?" అన్నాడు.