పక్కకి జరగని సూది

ఆసుపత్రిలో ఆమె నర్సు. బయట మాత్రం పోలీసక్క. షుగర్ ఉన్న పిల్లల ఇళ్లకు వెళ్లి, ఇన్సులిన్ సరిగా పడుతోందో లేదో చూడడం ఆమె ఉద్యోగం. వేలి కొసలు చూసి, చుక్క రక్తం తీసి నిజంగా పరీక్ష చేశారో, చేశామని కోతలు కోస్తున్నారో ఇట్టే చెప్పేస్తుంది. నోరు పెద్దది. మనసు కూడా పెద్దదే, కాకపోతే నోటి వెనకాల ఉంటుంది, కాస్త వెతుక్కోవాలి.

జ్వరం వస్తే నాలుగు రోజులు ఇంటిల్లిపాదీ మంచం చుట్టూ తిరుగుతారు, కానీ ఇది జ్వరం కాదు, తిష్ట వేసిన చుట్టం అంటుందామె. పోనుపోను తల్లికి విసుగు, తండ్రికి మరుపు, పిల్లకు మొండితనం వస్తాయి. సూది ఎవరైనా గుచ్చుతారు. ఆ మూడింటినీ గుమ్మం దాటి రానివ్వకపోవడమే అసలు పని.

అలాంటి ఆమెకు ఒక టైలరు ఇల్లు కొరకరాని కొయ్య అయింది. ముందు గది కొట్టు, వెనక గదుల్లో కాపురం. భార్య పొద్దున్నే ఫ్యాక్టరీకి వెళ్తుంది కాబట్టి కూతురికి సూది వేసేది టైలరే. పిల్లను ఇంట్లో అందరూ గుండీ అంటారు. ఒక్క పూట కూడా మందు తప్పలేదు, అయినా షుగర్ కొండెక్కి కూర్చుంది. డాక్టరు మోతాదు పెంచాడు, మళ్లీ పెంచాడు, ఇంకా తగ్గకపోతే ఆసుపత్రిలో పడుకోబెట్టాల్సిందే అన్నాడు.

మందు పడుతోంది, షుగర్ దిగడం లేదు. అంటే పిల్ల దొంగతనంగా ఏదో తింటోందని నానమ్మ తేల్చేసింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని గొణుగుతూ వంటింటి అలమరకు తాళం వేసింది. బడి సంచీ రోజూ దులిపి చూసేది. పోలీసక్క కూడా వచ్చినప్పుడల్లా గుండీని నిలబెట్టి, ఏం తిన్నావో చెప్పు, నా దగ్గరా నీ నాటకాలు అని గద్దించి వెళ్లేది. పిల్ల మొదట్లో ఏడ్చేది. తర్వాత ఏడవడం మానేసింది.

ఆ రోజు పొద్దున టైలరు ఫోను చేశాడు. గుండీ సూది వేయించుకోనంటోందట. కొట్టులో బట్టలు తొడుక్కుని చూసుకునే మూల ఉంటుంది కదా, అక్కడ తెర లాక్కుని కూర్చుందట. మందు పడక సాయంత్రమైతే వాంతులు, ఆ మీద ప్రాణానికే ముప్పు. పోలీసక్క చేతిలో పని వదిలేసి పరుగెత్తింది.

తెర కింద చిన్న పాదాలు కనిపిస్తున్నాయి. పోలీసక్క తెర ముందే, గుడ్డ ముక్కల మీద చతికిలబడింది. బుజ్జగించింది, బెదిరించింది. చివరికి లోపలి నుంచి మాట వచ్చింది.

"దొంగనేగా నేను. దొంగకి మందెందుకు?"

పోలీసక్క తెర వదిలి టైలరు వైపు తిరిగింది. ఏం చేయాలో తోచక, రోజూ సూది ఎలా వేస్తున్నారో చూపించమని టైలర్ని అడిగింది. అతను మెడలో టేపు సవరించుకుంటూ కాస్త గర్వంగానే చెప్పాడు.

"నా చెయ్యి తప్పదు సిస్టర్. నిన్న ఎక్కడ వేశానో ఇవాళా అక్కడే. నూలు పోగంత తేడా రాదు."

"జాగా మార్చమని మొదటి రోజే చెప్పాను కదా మాస్టారూ."

"మారుస్తున్నానుగా. పొద్దున పొట్టకి ఎడమ పక్క, సాయంత్రం కుడి పక్క."

అక్కడే వేయమని పిల్ల కూడా అడుగుతుందట, అక్కడైతే నొప్పే ఉండదట. పోలీసక్కకు అప్పుడు వెలిగింది. ఇన్నిసార్లు ఈ ఇంటికి వచ్చి మీటర్లో అంకెలు చూసింది, పిల్ల నోరు వాసన చూసింది, చొక్కా ఎత్తి ఒక్కసారి కూడా పొట్ట తడిమి చూడలేదు.

"గుండీ, నిన్నేమీ అడగను. నీ పొట్ట ఒక్కసారి ముట్టుకోనిస్తావా?"

తెర కొంచెం తొలిగింది. కంటికి ఏమీ లేదు, వేలికి తగిలింది. అటొకటి, ఇటొకటి, మెత్తటి గడ్డలు. పోలీసక్క టైలరు చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టింది. గుడ్డ మందం వేళ్లతోనే చెప్పగల మనిషి, అతని ముఖం పాలిపోయింది.

"లోపల దూది కుక్కినట్టుంది."

నెలల తరబడి ఒక్కచోటే పొడిస్తే చర్మం కింద కొవ్వు అలా గడ్డకట్టి మొద్దుబారుతుందని, అందుకే అక్కడ నొప్పి లేదని, వేసిన మందంతా అందులోనే ఇరుక్కుపోతోందని పోలీసక్క నానమ్మకు కూడా వినపడేలా చెప్పింది. చెప్పి, పిల్ల వైపు తిరిగింది.

"నువ్వేం తినలేదు. నేనే నమ్మలేదు. తప్పు నాదే."

గుండీ ఆమెను చూడలేదు, నానమ్మను చూసింది. ముసలామె గుమ్మానికి ఆనుకుని నిలబడింది. "అందరం కలిసి నిన్ను ఉత్తపుణ్యానికి ఆడిపోసుకున్నామే తల్లీ" అంది.

పోలీసక్క డాక్టరుకు ఫోను చేసింది. కొత్త జాగాలో మందు పూర్తిగా ఒంటికి పడుతుంది కాబట్టి పెంచిన మోతాదుతో వేస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది, బాగా తగ్గించి వేయండి, దగ్గరుండి చూడండి అన్నాడాయన. టైలరు సూది అందుకున్నాడు. ఎక్కడ వేయాలో తేల్చుకోలేక పిల్ల పొట్ట వైపు చూశాడు. గుండీ బల్ల మీది సుద్దముక్క తీసుకుని గడ్డకు దూరంగా తనే గుర్తు పెట్టింది.

సూది దిగగానే "అబ్బా, నొప్పి" అంది. అన్నేళ్ల ఉద్యోగంలో ఆ మాట విని పోలీసక్క సంతోషించడం అదే మొదలు.

సాయంత్రం దాకా ఆమె కదల్లేదు. మాటిమాటికీ వేలి కొస గుచ్చి చూశారు, అంకె కొంచెం కొంచెంగా దిగుతూ వచ్చింది. మరుసటి వారం వెళ్లేసరికి ఇంకా దిగింది. పూర్తిగా దారికి రాలేదు, గడ్డలు కరగడానికి నెలలు పడుతుంది. ఆమె లోపలికి అడుగు పెట్టేసరికి టైలరు సూదితో వంగి ఉన్నాడు, గుండీ చొక్కా అంచు పట్టుకుని అతనికి పని నేర్పుతోంది.

"నిన్న అక్కడే వేశావు నాన్నా. రెండు వేళ్లు పక్కకి జరుపు. ఊఁ, అక్కడ. ఇప్పుడు వెయ్యి."